బొమ్మ రాకీది... దెబ్బ జో ఫ్రేజియర్‌ది!

'రాకీ' చూడనివాళ్ళు మన పాఠకుల్లో ఎవరైనా వున్నారా? హాల్లో కాకపోతే కేబుల్లో, కేబుల్లో కాకపోతే ఫోన్లో... ఎక్కడో ఒకచోట చూసే వుంటారు. 1976లో వచ్చిన బొమ్మ అది. సిల్వెస్టర్ స్టాలోన్ కథ తనే రాసుకుని, హీరో వేషం తనకిస్తేనే కథ ఇస్తానని మొండికేసి చేసిన చిత్రం. పది లక్షల డాలర్ల చిల్లర ఖర్చుతో తీసిన చిన్న సినిమా, మరుసటేడు పెద్ద పెద్ద చిత్రాలను పక్కకు నెట్టి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ ఎగరేసుకుపోయింది.

నేను మొదట చూసింది పదో తరగతి సెలవుల్లో, అద్దెకు తెచ్చిన సీడీలో. మధ్యలో గీతలు పడి రెండుసార్లు ఆగిపోయింది. అయినా సరే, రెండు సీన్లు బుర్రలో అచ్చు పడిపోయాయి. మీకూ అవే గుర్తుండి వుంటాయి. ఒకటి, చలిగదిలో కొక్కేలకు వేలాడే గొడ్డుమాంసం మీద హీరో పిడిగుద్దులు గుద్దడం. రెండోది, ఫిలడెల్ఫియా ఆర్ట్ మ్యూజియం మెట్లు డెబ్బై రెండూ పరుగున ఎక్కి, పైన చేతులెత్తి గెంతడం. ఆ తర్వాత ప్రపంచంలో ఏ భాషలో ముష్టియుద్ధం కథ తీసినా ఈ రెండు సీన్ల నీడ పడకుండా వుండలేదు. మన 'తమ్ముడు', 'అమ్మ నాన్న ఓ తమిళమ్మాయి', నిన్నమొన్నటి 'గని' దాకా హీరో చెమటోడ్చే పాట వచ్చిందంటే చాలు, నాకు ఆ ఫిలడెల్ఫియా మెట్లే కళ్ళ ముందు కనిపిస్తాయి.

అదే సినిమాలో ఇంకో చిన్న సీను వుంది. అది మాత్రం ఎవరూ చెప్పుకోరు. క్లైమాక్సు ఫైటుకు ముందు, రింగులోకి ఒక నల్లజాతి పెద్దమనిషిని పిలిచి, జనానికి పరిచయం చేస్తారు. ఆయన వస్తాడు, నవ్వుతాడు, పోటీదారులకు చెయ్యి కలుపుతాడు, దిగిపోతాడు. రెప్ప వాల్చితే మిస్సయిపోతారు. సినిమావాళ్ళ భాషలో చెప్పాలంటే 'గెస్ట్ అప్పియరెన్స్'. ఆయనే అసలు సిసలు మాజీ ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ జో ఫ్రేజియర్. ఆ చలిగదిలో మాంసాన్ని గుద్దింది సినిమా కంటే పదిహేనేళ్ళ ముందు ఆయనే. ఆ మెట్ల మీద పరుగు కూడా తనదేనని ఆయన చివరిదాకా చెప్పుకుంటూనే వున్నాడు.

అంటే ఆయన జీవితంలోంచి తీసిన సీను మీద ఆయనే వచ్చి చెయ్యి ఊపి పోయాడన్నమాట! ఈ సంగతి తెలిసిన రోజునుంచీ ఆ మనిషి కథ నన్ను వదల్లేదు. దొరికిన పాత ఫైట్లన్నీ చూశాను. చూసిందీ చదివిందీ కలిపి మీకు చెప్పాలనిపించింది.

ఇంతకీ ఎవరీ జో ఫ్రేజియర్?

1944 జనవరి 12న అమెరికాలో దక్షిణ కారొలీనా రాష్ట్రం, బ్యూఫోర్ట్ ప్రాంతంలో పుట్టాడు. పొలం పనులు చేసుకునే పెద్ద సంసారం. తండ్రి రూబిన్ జో పుట్టకముందే తుపాకీ గాయంతో ఎడమ చేతిని పోగొట్టుకున్నాడు. అందుకని పసితనం నుంచీ తండ్రి పక్కన నిలబడి ఏదో ఒకటి పట్టుకోవడం, బిగించడం జో పని. తండ్రికి లేని ఎడమ చెయ్యి ఈ కొడుకే!

సినిమాలో అయితే ఇలాంటిది రాస్తే "మరీ సెంటిమెంటు ఎక్కువైంది గురూ" అని కొట్టేస్తారు. కానీ కథ ఇంకా వుంది. ఇంటికి టీవీ వచ్చింది. అందులో బాక్సింగ్ పోటీలు. చూసిన బంధువు ఒకాయన ఈ బొద్దుపిల్లాణ్ణి చూపించి, వీడు ఇంకో జో లూయిస్ అవుతాడన్నాట్ట. అంతే! మర్నాడే పిల్లాడు ఒక గోనెసంచి తెచ్చి, గుడ్డపీలికలూ మొక్కజొన్న కండెలూ కూరి, నడిమధ్యన ఒక ఇటుక పెట్టి చెట్టుకు వేలాడదీశాడు. రోజూ దాన్ని గుద్దడమే. మరో సందర్భంలో పెంపుడు పంది ఒకటి తరిమితే పడిపోయి ఎడమ మోచెయ్యి ఇటుకకు కొట్టుకుంది. వైద్యుడి దగ్గరికి వెళ్ళే డబ్బు లేదు. చెయ్యి దానంతటదే మానింది గానీ, ఆ తర్వాత పూర్తిగా చాపడానికి సాగలేదు. జీవితాంతం కొంచెం వంగే వుండిపోయింది.

ఆ వంకర చెయ్యే తర్వాత ప్రపంచాన్ని గడగడలాడించిన 'లెఫ్ట్ హుక్' అయింది.

లెఫ్ట్ హుక్ అంటే ఏమిటో మాటల్లో చెబితే అర్థం కాదు. ఓ వ్యాసం కోసం నేను హైదరాబాద్‌లో ఒక చిన్న జిమ్‌కి వెళ్ళి, గ్లోవ్స్ తొడుక్కుని సంచీ గుద్దాను. శక్తంతా పెట్టి గుద్దినా సంచీ కదిలితే ఒట్టు! అక్కడి పాత కోచ్ నవ్వి, "చెయ్యి విసురుతున్నారు సార్ మీరు. చెయ్యి సంగతి మర్చిపోండి. మడమ తిప్పండి, నడుం దానంతటదే తిరుగుద్ది, చెయ్యి దాని వెనకాల వస్తది" అన్నాడు. తను చూపించాడు. జానెడు దూరం నుంచే కొట్టాడు, సంచీ నాలుగడుగులు ఊగింది. మోచెయ్యి తొంభై డిగ్రీలు వంగి, గడియలా బిగుసుకుని వుంటుంది. దెబ్బ ఎదురుగా రాదు, కంటి అంచు అవతల నుంచి వచ్చి దవడకో చెంపకో తగులుతుంది. కనపడని దెబ్బే మనిషిని పడగొడుతుందిట. జో చెయ్యి ఎలాగూ వంగే వుంది కదా, కొక్కెం వేసి సిద్ధంగా పెట్టినట్టు!

పదిహేనేళ్ళకే జో సొంతవూరు వదిలిపెట్టాడు. పొలం యజమాని అయిన తెల్లవాడు ఒక చిన్నపిల్లాణ్ణి బెల్టుతో కొట్టడం చూసి, ఆ సంగతి తోటివాళ్ళకు చెప్పినందుకు పని పోయింది. ఇక ఇక్కడ వుంటే ముప్పు అని బస్సెక్కాడు. మొదట న్యూయార్క్, తర్వాత ఫిలడెల్ఫియా. అక్కడ కబేళాలో పని. రక్తం కడగడం, మాంసం మోయడం. ఒళ్ళు లావెక్కిందని తగ్గించుకోవడానికి పోలీసువాళ్ళ కుర్రకారు జిమ్‌కి వెళ్ళాడు. అక్కడ యాంక్ డర్హామ్ అనే ట్రైనర్ కంట పడ్డాడు. పగలు జిమ్, మిగతా వేళ కబేళా. చలిగదిలో ఎవరూ లేనప్పుడు వేలాడే మాంసం మీద చెయ్యి సాధన. "ఆ గ్లోవ్స్‌లోంచి పొగ రావాలి" అని డర్హామ్ అంటూ వుండేవాడట. ఆ మాటలోంచే 'స్మోకిన్ జో' అనే బిరుదు పుట్టింది. మన హీరోల బిరుదులకంటే ఇది నయం, కనీసం గుద్దులు తిన్నవాళ్ళు ఒప్పుకున్నారు.

1964 టోక్యో ఒలింపిక్స్‌కి అసలు ఎంపికైంది జో కాదు. మూడొందల పౌండ్ల బస్టర్ మథిస్ అనే భారీ మనిషి. జో అతని చేతిలో ఓడి, స్టాండ్‌బైగా మిగిలాడు. మథిస్ చేతికి దెబ్బ తగిలింది, జోకి ఛాన్సు వచ్చింది. సెమీఫైనల్లో జో ఎడమ బొటనవేలు విరిగింది. ఎవరికీ చెప్పలేదు! చెబితే ఆడనివ్వరు కదా. విరిగిన వేలితోనే ఫైనల్లో జర్మనీకి చెందిన హాన్స్ హ్యూబర్‌ను 3-2తో ఓడించి బంగారు పతకం తెచ్చాడు. తెచ్చి ఏం లాభం? చెయ్యి బాగయ్యేదాకా పని లేదు. ఇంట్లో పిల్లలు. క్రిస్మస్‌కి ఏమీ లేదని పేపర్లో రాస్తే, ఊళ్ళోవాళ్ళు దయతలచి సాయం పంపారు. ఒలింపిక్ స్వర్ణ విజేత!

1965లో ప్రొఫెషనల్ అయ్యాడు. ఫిలడెల్ఫియా ఆసాములు కొందరు కలిసి 'క్లోవర్‌లే' అని ఒక సంస్థ పెట్టి, షేర్లు అమ్మి జో మీద పెట్టుబడి పెట్టారు. మనకి నలుగురు ఫైనాన్షియర్లు కలిసి కొత్త హీరో మీద డబ్బు పెట్టినట్టే అనుకోండి. పెట్టినవాళ్ళెవరూ నష్టపోలేదు. 1966లో ఆస్కార్ బొనవేనా అనే అర్జెంటీనా మొండిఘటం రెండో రౌండులో జోని రెండుసార్లు పడేశాడు. లేచి గెలిచాడు. 1968లో తన ఒలింపిక్ ఛాన్సు మొదట దక్కిన ఆ బస్టర్ మథిస్‌నే పదకొండో రౌండులో పడగొట్టి, న్యూయార్క్ రాష్ట్రం గుర్తించిన ఛాంపియన్‌షిప్ కొట్టాడు. 1970 ఫిబ్రవరిలో జిమ్మీ ఎల్లిస్‌ను నాలుగో రౌండులో రెండుసార్లు కూలదోశాడు. ఐదో రౌండుకు ఎల్లిస్ లేచి రాలేదు. దాంతో జో తిరుగులేని ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

ఇక్కడ చిన్న పిట్టకథ చెప్పాలి. మా పెదనాన్న మద్రాసులో ఎడిటింగ్ రూములో అసిస్టెంటుగా చేసేవారు. 1980లో మహమ్మద్ అలీ మద్రాసు వచ్చినప్పుడు స్టేడియానికి వెళ్ళి చూశారు. ఎమ్జీఆర్ అలీని సత్కరించడం, జనం తొక్కిసలాట, అలీ డ్యాన్సు... ఎన్నిసార్లు చెప్పినా కొత్తగానే చెప్పేవారు. "అలీతో ప్రదర్శన పోటీ ఆడిందెవరు పెదనాన్నా?" అని నేనోసారి అడిగాను. "ఎవడో ఒరే, తోడుగా తెచ్చుకున్న మనిషి" అన్నారు. ఆ 'ఎవడో' ఎవరనుకున్నారు? ఆ జిమ్మీ ఎల్లిసే! ఒకప్పటి ప్రపంచ ఛాంపియన్. అలీతో కలిసి పెరిగిన లూయివిల్ స్నేహితుడు. అలీ పక్కన నిలబడ్డవాడు ఎంతటివాడైనా జనం కంటికి 'తోడుగా తెచ్చుకున్న మనిషే'. జో ఫ్రేజియర్ ఈ సూర్యుడి పక్కనే నిలబడాల్సి వచ్చింది.

అలీ అంటే నాకు అభిమానం లేదనుకోకండి. ఆయన ఫొటో నా గది గోడ మీద ఇప్పటికీ వుంది. 1967లో వియత్నాం యుద్ధానికి వెళ్ళనని ధైర్యంగా చెప్పినందుకు అలీ దగ్గర టైటిల్ లాక్కున్నారు. మూడేళ్ళపైన రింగుకు దూరం చేశారు. ఆ రోజుల్లో అలీకి తాను డబ్బు సాయం చేశాననీ, లైసెన్సు తిరిగి ఇవ్వమని పెద్దలతో మాట్లాడాననీ జో చెప్పేవాడు. అలీ తిరిగొచ్చాడు. ఇద్దరూ తలపడే రోజు దగ్గరపడింది. టిక్కెట్లు తెగాలి. కథకు విలన్ కావాలి.

అలీ నోరు విప్పాడు. జో వికారంగా వుంటాడన్నాడు, మొద్దు అన్నాడు. అన్నిటికంటే ఘోరంగా 'అంకుల్ టామ్' అన్నాడు. అంటే తెల్లవాళ్ళ ముందు వంగి వంగి దణ్ణాలు పెట్టే నల్లవాడని అర్థం. ఎవర్నంటున్నాడు? తెల్ల యజమానికి తలవంచనందుకు వూరు వదిలిన కుర్రాణ్ణి! కబేళాలో నెత్తురు కడిగినవాణ్ణి! అలీ పెరిగిన ఇల్లు జో ఇంటికంటే ఎంతో నయం. కానీ అలీ మాటకారి, జో కాదు. నోరున్నవాడి స్క్రీన్‌ప్లేలో నోరు లేనివాడు ఏ వేషం ఇస్తే అదే వెయ్యాలి. నల్లవాళ్ళలోనే చాలామంది జోని తెల్లవాళ్ళ మనిషి అనుకున్నారు. ఆయన పిల్లలు బళ్ళో ఏడిపింపులు పడి ఇంటికొచ్చేవారట.

1971 మార్చి 8. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్. ఇద్దరికీ అంతవరకూ ఓటమంటే తెలీదు. అలీ 31 పోటీలకు 31, జో 26కి 26. చెరి ఇరవై అయిదు లక్షల డాలర్లు. ఆ రోజుల్లో కళ్ళు తిరిగే మొత్తం. హాల్లో ఇరవై వేల మందికి పైగా జనం. హాలీవుడ్ హీరో బర్ట్ లాంకాస్టర్ వ్యాఖ్యానానికి కూర్చున్నాడు. గాయకుడూ నటుడూ అయిన ఫ్రాంక్ సినాట్రా 'లైఫ్' పత్రిక కోసం కెమెరా మెడలో వేసుకుని రింగు పక్కన ఫొటోలు తీశాడు! మన దగ్గర ఇలా జరిగిందని ఊహించుకోండి, ఏ హీరో కెమెరా పట్టుకుని రింగు కింద కూర్చుంటాడో.

ఆ ఫైటు నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అలీ ఎర్ర లాగు, జో ఆకుపచ్చ బంగారు రంగు లాగు. అలీ ఆరడుగుల మూడంగుళాల పొడగరి, జో అంతకంటే మూడు నాలుగంగుళాలు పొట్టి. అందుకే అలీ చేతుల కిందనుంచి దూరి వెళ్ళాలి. తల ఒకచోట వుంచడు. కిందికి, పక్కకి, మళ్ళీ కిందికి... కుట్టుమిషను సూదిలాగా. దగ్గరికి వెళ్ళాలంటే మూడు దెబ్బలు తినాలి. తిన్నాడు. మొహం గడ్డలు కట్టింది. అయినా ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదు. పదకొండో రౌండులో ఒక హుక్కుతో అలీ కాళ్ళు తడబడ్డాయి. పదిహేనో రౌండు మొదలై ఎంతో సేపు కాలేదు. జో నేల నుంచి పైకి లేచినట్టు లేచి ఎడమ చెయ్యి విసిరాడు. అలీ వెల్లకిలా పడ్డాడు! ఎర్ర కుచ్చుల బూట్లు గాల్లోకి లేచాయి. వెంటనే లేచి నిలబడ్డాడు కూడా, అది అలీ గొప్ప. జడ్జీలందరూ జోకే ఇచ్చారు. గెలిచినవాడు తర్వాత చాలా రోజులు ఆస్పత్రి మంచం మీద వున్నాడు.

ఆ ఏప్రిల్లోనే, ఒకప్పుడు తను వదిలి పారిపోయిన దక్షిణ కారొలీనా రాష్ట్రం శాసనసభకు పిలిచి జోచేత మాట్లాడించింది. బానిసత్వం పోయిన తొలి రోజుల తర్వాత ఆ సభలో మాట్లాడిన మొదటి నల్లజాతి మనిషి ఆయనే. తల్లికి అదే రాష్ట్రంలో పెద్ద తోట కొనిచ్చాడు. సినిమా అయితే ఇక్కడ 'శుభం' కార్డు పడాలి.

పడలేదు. 1973 జనవరి 22న జమైకాలోని కింగ్‌స్టన్‌లో జార్జ్ ఫోర్‌మన్ అనే మహాబలుడు రెండు రౌండ్లలో జోని ఆరుసార్లు నేల కరిపించాడు. ఆరుసార్లూ లేచాడు. ఈ ఫైటు మాత్రం నేను ఒక్కసారే చూశాను. మళ్ళీ చూడబుద్ధి కాలేదు. 1974 జనవరిలో అలీతో రెండో పోటీ. దానికి కొద్ది రోజుల ముందు, మొదటి ఫైటు ఫిల్ము చూస్తూ టీవీ స్టూడియోలో ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టారు. అలీ 'అజ్ఞాని' అన్నాడు. జో లేచి నిలబడ్డాడు. కెమెరా ముందే కలియబడ్డారు. చెరి అయిదు వేల డాలర్ల జరిమానా. పోటీలో అలీ గెలిచాడు.

ఇక మూడోది. 1975 అక్టోబరు 1, ఫిలిప్పీన్స్‌లో మనీలా. పోటీకి ముందు అలీ జేబులోంచి రబ్బరు గొరిల్లా బొమ్మ తీసి, ఇదే జో అంటూ విలేకరుల ముందు గుద్ది నవ్వించాడు. విలేకరులు నవ్వారు కూడా. ఆ వృత్తిలో వున్నవాణ్ణి కనక నాకు ఆ నవ్వు ఎక్కువ బాధ పెట్టింది.

అమెరికా టీవీ వేళలకోసం పోటీ పొద్దున్నే పెట్టారు. భరించలేని ఉక్క. పద్నాలుగు రౌండ్లు. మొదటి భాగం అలీది, మధ్య భాగం జోది. చివరికొచ్చేసరికి జో కుడికన్ను వాచి మూసుకుపోయింది. "ఎడమకన్ను వుంది కదా" అంటారా? అక్కడే వుంది అసలు సంగతి. ఎడమ కంట్లో చాలాకాలంగా శుక్లం. సరిగ్గా ఆనేది కాదు. డాక్టర్ల పరీక్షల్లో ఏదో మాయచేసి గట్టెక్కేవాడు. ఈ రహస్యం ఎన్నో ఏళ్ళ తర్వాత ఆత్మకథలో బయటపెట్టాడు. అంటే మనీలాలో చివరి రౌండ్లలో మనిషి దాదాపు గుడ్డివాడుగా నిలబడి అలీ కుడిచేతి దెబ్బలు తిన్నాడు. పదిహేనో రౌండుకు గంట కొట్టబోతుంటే ట్రైనర్ ఎడ్డీ ఫచ్ ఇక చాలన్నాడు. జో వద్దంటే వద్దన్నాడు. ఫచ్ ఒప్పుకోలేదు. రింగులో చచ్చిపోయిన బాక్సర్లను కళ్ళారా చూసినవాడాయన. అటు మూల అలీ కూడా ఒళ్ళు హూనమై వున్నాడు. చావుకు అంత దగ్గరగా ఎప్పుడూ వెళ్ళలేదని తర్వాత అలీయే చెప్పాడు. ఒక్క మూడు నిమిషాలు... ఆ మూడు నిమిషాలు ఆడనిచ్చి వుంటే ఏమయ్యేదో! ఫచ్ చేసింది న్యాయమని నా మనసు చెబుతుంది. జో ఆ మాట ఎప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేకపోయాడు.

1976లో ఫోర్‌మన్ చేతిలో మళ్ళీ ఓడి విరమించుకున్నాడు. ఆ సంవత్సరమే 'రాకీ' విడుదలైంది.

కృష్ణానగర్‌లో టీ కొట్టు దగ్గర నాకు పరిచయమైన ఒక పాత ఫైటర్ వున్నారు. పెద్ద హీరోలకు డూప్ చేసిన మనిషి. భుజంలో రాడ్డు, మోకాలికి కట్టు. ఓసారి జో కథ చెబితే శ్రద్ధగా విని, "ఇందులో వింతేముంది బాబూ! అద్దాలు పగిలేది మా వీపు మీద, ఈల వేసేది ఆయన మొహం చూసి. మాకు బత్తా ఇచ్చారు, ఆయనకి మొహం చూపించారుగా, నయమే" అన్నారు. ఆయన మాటలో నిష్ఠూరం లేదు, అదే నాకు ఆశ్చర్యం. నాకు అంత పెద్ద మనసు లేదు. నేను రాసిచ్చిన నాలుగు సీన్లు ఉన్నవి ఉన్నట్టు ఒక సినిమాలో వచ్చాయి. టైటిల్స్‌లో నా పేరు కోసం హాల్లో కళ్ళు పత్తికాయలు చేసుకుని చూశాను. డ్రైవర్ల పేర్లూ, భోజనాలవారి పేర్లూ వచ్చాయి, నాది రాలేదు. ఆ ఉక్రోషం ఇప్పటికీ వుంది. నాలుగు సీన్లకే నాకింత వుంటే, వంటి నెత్తురు ధారపోసిన మనిషికి ఎంతుండాలి?

న్యాయంగా చెప్పాలంటే స్టాలోన్‌ను దొంగ అనలేం. 1975 మార్చిలో చక్ వెప్నర్ అనే అనామకుడు అలీకి ఎదురునిలిచి దాదాపు ఆఖరిదాకా నిలబడిన పోటీ చూసి ఆయనకు కథ తట్టింది. ఆ నలుసంత కథకు అక్కడినుంచీ ఇక్కడినుంచీ ముక్కలు తెచ్చి అతికాడు. కథలు పుట్టేదే అలా. కానీ రాకీ కథ జరిగే వూరు జో వూరు, ఆ చలిగది జోది. పైగా సినిమాలో వాగుడుకాయ నల్ల ఛాంపియన్ అలీని గుర్తు చేస్తాడు, దెబ్బలు తింటూ ముందుకే నడిచే తెల్ల హీరో అచ్చం జోలాగే ఫైటు చేస్తాడు. రింగులో జనం గేలిచేసిన మనిషికి రంగు మార్చి తెరమీద పెట్టేసరికి లోకమంతా వాణ్ణే హీరో అంది!

జో తర్వాత ఏం చేశాడు? 'నాకౌట్స్' అని పాటల ట్రూపు పెట్టుకుని స్టేజీల మీద పాడాడు. టీవీ ప్రకటనల్లో వేశాడు. 'సింప్సన్స్' కార్టూన్‌లో తన వేషానికి తనే గొంతిచ్చాడు. 1981లో చివరిసారి రింగెక్కి డ్రాతో దిగాడు. మొత్తం 37 పోటీలు, 32 విజయాలు, వాటిలో 27 నాకౌట్లు. ఓడినవి నాలుగే. ఆ నాలుగూ అలీ, ఫోర్‌మన్‌ల చేతుల్లోనే. ఇంకెవరి చేతిలోనూ ఓడలేదు. కొడుకు మార్విస్‌ను బాక్సర్‌ని చేశాడు. మన 'లైగర్'లో 2022లో కనిపించిన మైక్ టైసన్ గుర్తున్నాడా? ఆ టైసనే 1986లో మార్విస్‌ను ముప్ఫై సెకన్లలో పడగొట్టాడు. 2001లో ఇంకో విచిత్రం. అలీ కూతురు లైలా, జో కూతురు జాకీ రింగులో తలపడ్డారు! లైలా గెలిచింది. జాకీ లాయరు, తర్వాత ఫిలడెల్ఫియాలో జడ్జి అయింది.

జోకి డబ్బు నిలవలేదు. నార్త్ బ్రాడ్ స్ట్రీట్‌లో తన జిమ్ పైనున్న చిన్న వాటాలో కాపురం వుండేవాడు. కింద పేదపిల్లలకు గుద్దడం నేర్పేవాడు. 2008లో ఆ జిమ్ కూడా మూతపడింది. ఆ భవనంలో ఫర్నిచర్ కొట్టు వచ్చింది. అలీ మీద కోపం మాత్రం చల్లారలేదు. 1996లో వణికే చేతులతో అలీ అట్లాంటా ఒలింపిక్ జ్యోతి వెలిగిస్తుంటే ప్రపంచమంతా కన్నీళ్ళు పెట్టుకుంది, జో మాత్రం వినకూడని మాటలన్నాడు. అది తప్పే. కాదనను. అయితే ఆ చేతుల వణుకులో తన దెబ్బలకూ వాటా వుందనుకునేవాడు ఆయన. 2001లో అలీ పత్రికాముఖంగా క్షమాపణ చెప్పాడు. టిక్కెట్లు అమ్మడం కోసమే అలా అన్నానన్నాడు. జో ఓసారి క్షమించానన్నాడు, ఓసారి నా ఎదురుగా వచ్చి చెప్పాలన్నాడు.

2011 నవంబరు 7న కాలేయ కాన్సర్‌తో జో పోయాడు. ఫిలడెల్ఫియాలో అంత్యక్రియల ప్రార్థనకు అలీ వచ్చాడు. అప్పటికి మాట పెగలని జబ్బులో వున్నాడు. లోకంలో అందరికంటే ఎక్కువ మాట్లాడిన మనిషి ఆ రోజు ఏమీ మాట్లాడలేదు, లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

ఇక విగ్రహాల సంగతి. 'రాకీ-3' కోసం స్టాలోన్ చేయించిన కంచు విగ్రహం షూటింగ్ అయ్యాక ఆ వూరికే దక్కింది. మ్యూజియం పైన పెట్టారు, స్టేడియానికి మార్చారు, 2006లో మళ్ళీ మ్యూజియం మెట్ల దగ్గరికే తెచ్చారు. అక్కడ రోజూ తిరునాళ్ళే. నా డిగ్రీ క్లాస్‌మేట్ ఒకడు న్యూజెర్సీలో ఉద్యోగం. వాళ్ళ నాన్నగారు అమెరికా వచ్చినప్పుడు అక్కడికే తీసుకెళ్ళి, పంచెకట్టుతో చేతులెత్తించి ఫొటో తీసి నాకు పంపాడు. బ్రహ్మాండంగా వుంది ఫొటో. "మరి జో విగ్రహం ఎక్కడుందిరా?" అని అడిగితే, "జో ఎవరు?" అన్నాడు.

ఎన్నడూ లేని రాకీకి బతికుండగానే విగ్రహం వచ్చింది. వున్న జోకి ఆయన పోయిన నాలుగేళ్ళకు, 2015 సెప్టెంబరులో వచ్చింది. అదీ అంత తేలిగ్గా రాలేదు. పని మొదలెట్టిన శిల్పి మధ్యలోనే మరణిస్తే, స్టీఫెన్ లేన్ అనే ఇంకో శిల్పి తీసుకుని పూర్తి చేశాడు. వూరి దక్షిణాన, స్టేడియాలున్న చోట ఆవిష్కరించారు. పదకొండడుగుల ఎత్తు. 1971 మార్చి 8, పదిహేనో రౌండు. కొట్టేశాడు, ఎడమ చెయ్యి ఇంకా శరీరానికి అడ్డంగానే వుంది. కింద అలీని చెక్కలేదు.